స్టేడియంలో పిట్టకు పెట్టిన రోజు

కర్నూలుకు చుట్టాలు వస్తే ఎవరైనా బురుజు చూపిస్తారు, తుంగభద్ర చూపిస్తారు. మా తమ్ముడు మాత్రం పాత స్టేడియానికి తీసుకుపోయేవాడు. నా పెళ్ళైన కొత్తలో మా ఆయన్ను కూడా మిట్టమధ్యాహ్నం తీసుకుపోయి, కాలిపోతున్న రాతి గ్యాలరీ మీద కూర్చోబెట్టి, మన జిల్లాలో బేస్‌బాల్ మొట్టమొదట ఆడింది ఈడనే బావా అని గొప్పగా చెప్పాడు. పాపం ఆయన అటూ ఇటూ చూసి, అంటే క్రికెట్టేనా అన్నాడు. తమ్ముడు ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు.

క్రికెట్టు కాదు. ఆ సంగతి ఊరికి తెలియజెప్పడంతోనే వాడి సగం బతుకు అయిపోయింది. బంతిని కొట్టి, మైదానంలో మూడు మూలలూ తొక్కి, కొట్టిన చోటికే తిరిగి రావాలి. ఆ చోటును హోమ్ ప్లేట్ అంటారు. అక్కడికి చేరకపోతే, మధ్యలో ఎంత దూరం ఉరికినా లెక్కలోకి రాదు. ఇదంతా నాకు వంటింట్లో చెంబులూ గిన్నెలూ పేర్చి చెప్పేవాడు. నేను చారు పొంగిపోతుందిరా లెయ్యి అని కసిరేదాన్ని.

మా ఊరు ఓర్వకల్లు పక్కన, రాతిగుట్టల నడుమ. ఆ గుట్టల్లో గొర్రెలు కాసుకునే పిల్లల మధ్య నుంచి వాడు రాష్ట్ర జట్టు దాకా పోయాడు. తర్వాత ఏమైంది అంటే, ఏమీ కాలేదు. ఆ ఆటను నమ్ముకున్నవాడికి ఉద్యోగం ఎవరిస్తారు? ఒక ప్రైవేటు బడిలో ఆటల సారుగా చేశాడు. ఆ బడి మూతపడింది. చివరికి ట్రాలీ ఆటో తీసుకుని ఓర్వకల్లుకూ కర్నూలుకూ మధ్య టమాటాలూ సిమెంటు బస్తాలూ తోలాడు. సీటు వెనక మాత్రం బ్యాటు, తోలు గ్లవ్, ఒక పాత బంతి ఎప్పుడూ ఉండేవి.

పోయిన ఎండాకాలం రోడ్డు పక్కన ఆటో ఆపుకుని, ట్రాలీ నీడలో నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు డాక్టర్లు. నేను డోన్ డిపోలో కండక్టర్ని. ఫోను వచ్చినప్పుడు బస్సులో టికెట్లు కొడుతున్నాను. మిషను డ్రైవరు ఒళ్ళో పడేసి, నడిరోడ్డు మీద దిగి, ఏ బండి దొరికితే ఆ బండెక్కి వచ్చాను. అంత తొందర ఎందుకు పడ్డానో తెలియదు. నేను వచ్చేసరికి స్నానం కూడా పోసేశారు.

వాడి వెనక మిగిలింది పెళ్ళాం, ఒక్కతే కూతురు. మా అమ్మ ఉంది, అన్న ఉన్నాడు. పాప కడపలో ఆటల హాస్టల్లో ఉండి చదువుతోంది. తండ్రి ఆటే దానిదీ. గుట్టల్లో గులకరాళ్ళు విసిరించి నేర్పాడు దానికి. ఆ హాస్టల్లో సీటు వచ్చిన రోజు వాడు నాకు ఫోను చేసి ఊరికే ఏడ్చాడు. వాడు బతుకులో గెలుచుకున్నది ఏదైనా ఉందంటే అది ఆ సీటే.

అన్న మాత్రం శవం లేవకముందే అనేశాడు, పాపను ఇంటికి తెచ్చుకుందామని. ఆటతో వీడు బాగుపడింది చూశాం కదా, ఇంక ఆడపిల్లను కూడా ఆ దారిలోనే తోలాలా అని. మా అన్న చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి పాపను నా వెంట తీసుకుపోయేదాన్ని. తమ్ముణ్ణి చిన్నప్పుడు భుజాల మీద మోసినవాడు, వాడు తిన్నాకే తాను తిన్నవాడు. ఆటే తమ్ముణ్ణి మింగిందని గట్టిగా నమ్మాడు. ఇక మా ఇళ్ళలో తండ్రి పోయిన పిల్ల సంగతి అంటే పెద్దనాయన మాటే మాట. మా మరదలు నోరెత్తదు. ఎట్లా ఎత్తుతుంది, రేపటి నుంచి ఆ ఇంట్లోనే కూడు తినాలి.

మూడో రోజు పిట్టకు పెట్టాం. మా చేలోనే పూడ్చాం వాణ్ణి. సమాధి మీద విస్తరి పరిచి, వాడికి ఇష్టమైనవన్నీ వండి పెట్టాం. సంగటి, పొట్టేలు చియ్యల కూర, ఓళిగలు. బొరుగుల ఉగ్గాని, బజ్జీ కూడా ఉండాల్సిందేనని అమ్మ పట్టుబట్టింది. ఆట అయిపోయాక స్టేడియం బయట వాడు తినేది అదే. వాడితో కలిసి ఆడిన స్నేహితుడు ఒకడున్నాడు, ముస్లింల అబ్బాయి, ఇప్పుడు కర్నూల్లో పంచర్ల షాపు. తమ్ముడు బంతి విసిరితే పట్టుకునేవాడు అతనే. పాడె మోసిన నలుగురిలోనూ అతనున్నాడు. అతను ఆటోలోంచి ఆ పాత బంతి తెచ్చి విస్తరి పక్కన పెట్టాడు.

అందరం దూరంగా జరిగి నిలబడ్డాం. కాకి రాలేదు.

ఎక్కడినుంచి వస్తుంది? మా ఊళ్ళో కాకులెక్కడున్నాయి? చుట్టూ ఉన్న గుట్టల్లో సగం కంకర చేసేశారు. ఫ్యాక్టరీలకని తీసుకున్న పొలాల చుట్టూ కంచెలు వేసి చెట్లు కొట్టేశారు. పేలుళ్ళకు మనుషులే అదిరిపడుతుంటే పిట్టలు ఉంటాయా? కానీ ఆ మాట అక్కడ అనే ధైర్యం ఎవరికుంటుంది. పిట్ట ముట్టలేదంటే చనిపోయినవాడి మనసులో ఏదో తీరని కోరిక ఉందని మావాళ్ళ లెక్క. అప్పుడు దగ్గరివాళ్ళు ఒక్కొక్కరే విస్తరి ముందుకొచ్చి, నీ ఫలానా పని నేను చూసుకుంటా, ముట్టు నాయనా అని పైకి వినబడేలా మాటివ్వాలి. సరైన మాట పడగానే పిట్ట వచ్చి వాలుతుందంటారు. అలా ఇచ్చిన మాటను తప్పినవాణ్ణి నేను మా ఊళ్ళో చూడలేదు. కాగితం మీద సంతకాలు పెట్టి కాదన్నవాళ్ళను చాలామందినే చూశాను.

అన్న ముందుకొచ్చాడు. నీ పెండ్లానికి నా ఇంట్లో కూటికీ గుడ్డకూ లోటు రానీయనన్నాడు. సమాధికి కడప బండలు పరిపిస్తానన్నాడు. నీ ఆటో ఎవరికీ అమ్మనన్నాడు. ఒక్కో మాటకూ ఆగి ఆకాశంలోకి చూశాడు. ఒక్క మాట తప్ప అన్నీ చెప్పాడు. పాప హాస్టల్ సంగతి చెప్పన్నా అని నేను వెనకనుంచి అన్నాను. వినబడనట్టు కండువా సర్దుకున్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఇంక చాల్లే, ఆవుకు పెట్టండి అన్నారు పెద్దలు. వేరేవాళ్ళ ఇళ్ళలో అలాగే చేస్తారు కూడా. అమ్మ ఒప్పుకోలేదు. ఆ విస్తరిని అలాగే చుట్టి బావిలో వేయించింది. ఇంటికొచ్చి, ఎవరు పెట్టినా అన్నం ముట్టలేదు.

నిజం చెప్పొద్దూ, ఆ రోజు కాకి రాలేదని సంతోషించింది నేనొక్కదాన్నే. అన్న నోటినుంచి ఆ మాట రావాలంటే అంతకంటే వేరే దారి నాకు కనబడలేదు. కానీ మరుసటి రోజుకు అమ్మను చూస్తే నాకు భయం పుట్టింది. షుగరు మనిషి. గోళీ వేసుకుంటుంది గానీ అన్నం తినదు. మజ్జిగ నోట్లో పోస్తే కక్కేసింది. చేతులు వణుకుతున్నాయి, చెమటలు పడుతున్నాయి. తిట్టాను, బతిమాలాను, నీ కాళ్ళు పట్టుకుంటా ఒక్క ముద్ద తినమన్నాను.

"వాడు తినకుండా నేనెట్ల తినేది మే," అంది. అంతే.

ఆ రోజు సాయంత్రం ఆమె పక్కన కూర్చుని ఉంటే నాకు స్టేడియం గుర్తొచ్చింది. వాడి ప్రాణమంతా ఆడనే ఉండె కదమ్మా, ఆడికి తీసుకుపోయి పెడదామా అన్నాను. అమ్మ పడుకున్నది లేచి కూర్చుంది. కర్నూల్లో కాకులు ఉంటాయన్నది నా లెక్క. కొడుకు ఉంటాడన్నది ఆమె లెక్క. అన్న నలుగురూ నవ్వుతారన్నాడు. సమాధి దగ్గర పెట్టాల్సింది ఆటలాడే చోట పెట్టడమేంటి అన్నాడు. అమ్మ మొహం చూసి సరేనన్నాడు.

తెల్లవారి మళ్ళీ అన్నీ వండాం. తమ్ముడి ఆటోనే తీశాం. స్నేహితుడు తోలాడు, అన్న ముందు కూర్చున్నాడు. అమ్మ, మరదలు, పాప, నేను వెనక ట్రాలీలో గిన్నెల మధ్య కూర్చున్నాం. దారి పొడుగునా కంకర మిషన్ల తెల్లదుమ్ము మా మీదా గిన్నెల మూతల మీదా పడింది. మరదలు కొంగుతో మూతలు తుడుస్తూనే ఉంది. పాప ఒళ్ళో ఆ బంతి ఉంది.

స్టేడియం గేటుకు తాళం. కొత్తది కట్టబోతున్నారని రేకు మీద బొమ్మ వేసి పెట్టారు, అద్దాలూ షాపులూ కనబడుతున్నాయి అందులో. స్నేహితుడు కాపలాదారుతో ఉర్దూలో ఏదో చెప్పాడు. ఆ ముసలాయన అమ్మను చూసి, ఏమీ అడగకుండా తాళం తీశాడు.

లోపలికి పోయాం. ఒకవైపు గ్యాలరీ పడగొట్టేశారు, బండలు కుప్పలుగా ఉన్నాయి. ఎప్పుడో మా తాతల కాలంలో పరిచిన బండలవి, కూర్చుని కూర్చుని నున్నగా అరిగిపోయి ఉండేవి. మైదానంలో ఎవరో ఎగ్జిబిషన్ పెట్టి పోయారు. జెయింట్ వీల్ పాతిన గుంతలు అలాగే ఉన్నాయి. ప్లాస్టిక్ ప్లేట్లు, బజ్జీల కాగితాలు, చిత్తు. గోడ అవతల వరసగా చికెన్ షాపులు. మరదలు కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, ఇదేనా వదినా అని మెల్లగా అడిగింది. వాడు ఊళ్ళో చుట్టాలందరికీ చూపించాడు గానీ పెళ్ళాన్ని ఒక్కసారీ తీసుకురాలేదు. ఎప్పుడడిగినా బాగా తయారుచేసినాక చూద్దువులే అనేవాడట.

పాప మాత్రం నేరుగా మైదానంలోకి నడిచిపోయింది. మిగిలిన గ్యాలరీ స్తంభాన్ని చూసుకుని, కొంచెం పక్కకు జరిగి, ఒకచోట నిలబడి, నాయన ఈడ నిలబడుతుండె అంది. స్నేహితుడు తలూపాడు. హోమ్ ప్లేట్ లేదు, గీతలూ లేవు. పాపే కిందికి వంగి గాజుపెంకులూ కాగితాలూ ఏరి పక్కన పడేసి, చేత్తో మట్టి చదును చేసింది. అక్కడ విస్తరి పరిచాం. అమ్మ ఒక్కొక్కటే వడ్డించింది. చేయి వణికి ఉగ్గాని సగం మట్టిలో పడింది. పాప బంతిని విస్తరి పక్కన పెట్టి వచ్చి నా చేయి పట్టుకుంది.

గ్యాలరీ నీడలోకి జరిగాం. అమ్మ కూర్చోలేదు. అన్నవైపు తిరిగింది. ఆమె అంత గట్టిగా మాట్లాడగా నేను చాలా ఏళ్ళుగా వినలేదు.

"నువ్వు పోయి చెప్పు నాయనా. పాప మాట చెప్పు. వాడు దానికే కాచుకోనుండాడు. అన్నీ చెప్తివి, అదొక్కటి చెప్పకపోతివి."

అన్న నేలచూపులు చూశాడు. మరదలు మొదటిసారి తలెత్తి ఆయన్నే చూసింది. అమ్మ చేయి చాచి విస్తరివైపు చూపిస్తూనే ఉంది. అన్న కళ్ళు తుడుచుకున్నాడు. చెప్పులు విడిచాడు. కండువా తీసి నడుముకు కట్టుకుని, ఆ చిత్తు మీద నుంచే వట్టికాళ్ళతో నడిచిపోయి, విస్తరికి కొంచెం ఇవతల చేతులు జోడించి నిలబడ్డాడు. ఆయన వీపు అదరడం నాకు ఇక్కడికి కనబడుతోంది. ఏడుస్తున్నాడు. ఒప్పుకున్నాడు, నాకు తెలుసు. మా అన్న నాకు తెలియదా?

"రేయ్ నాయనా," అన్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "రేయ్, నీ పాపను..."

గోడ మీదినుంచి ఒక కాకి దిగింది. తిన్నగా వచ్చి విస్తరి మీద వాలి, ఒక చియ్య ముక్క ముక్కున పట్టుకుని లేచిపోయింది. ఆ వెంటనే ఇంకొకటి. ఆ తర్వాత గోడంతా కదిలినట్టు అవన్నీ దిగి, సంగటి చిమ్మి, ఓళిగలు చింపి, ఒకదాన్నొకటి పొడుచుకుంటూ విస్తరిని మట్టిలో పొర్లించాయి. ఆ తోపులాటలో బంతి దొర్లి పక్క గుంతలో పడింది.

ముట్టినాడు, ముట్టినాడు నా కొడుకు అని అమ్మ కుప్పకూలి ఏడ్చింది. మరదలు ఆమెను పట్టుకుని తానూ ఏడ్చింది. స్నేహితుడు అటు తిరిగి మొహం తుడుచుకున్నాడు. అన్న జోడించిన చేతులు అలాగే ఉన్నాయి. కాసేపు కాకుల్ని చూశాడు. తర్వాత చేతులు దించి, వెనక్కి వచ్చి చెప్పులు తొడుక్కున్నాడు.

నేను ఉండబట్టలేక, చెప్పన్నా, మొదలుపెట్టిన మాట పూర్తి చెయ్యి అన్నాను. ఆయన కండువా దులుపుకున్నాడు.

"ముట్టింది గదా మే. ఇంకేముంది చెప్పేది. పదండి, అమ్మకు ఏమన్నా తినిపిద్దాం."

స్టేడియం బయట బండి దగ్గరే అమ్మకు ఇడ్లీ తినిపించాం. ఆకలిగొన్న పసిపిల్ల తిన్నట్టు తిన్నది. పాప గుంతలోకి దిగి బంతి తెచ్చుకుని, పావడాకు తుడుచుకుంటూ వచ్చింది. దానికేసి చూడటానికి నాకు మొహం చెల్లలేదు. ఆ కాకి మీద నాకొచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు. ఒక్క మాట, ఇంకొక్క మాట పూర్తయ్యేదాకా ఆగలేకపోయింది కదా, తిండిపోతు ముండ.

అమ్మ ఆ రోజు నుంచి కుదుటపడింది. చూడటానికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. నా కొడుక్కు ఏ కోరికా లేదు, ఉత్త ఆ గ్రౌండు చూడాలనుకున్నాడంతే, తీసుకుపోయిన వెంటనే వచ్చి తినిపోయినాడు అని. ఆ మాట ఊరంతా అయింది. అన్నకు అంతకంటే ఏం కావాలి? వాడికే ఏ బాధా లేదు, మధ్యలో నీకెందుకు అని నన్ను తిరిగి అడిగాడు. పాపను నేను చూసుకుంటా, డోన్‌లో నా దగ్గరే ఉంటుంది, సెలవులకు నేనే తెచ్చుకుంటా, నేనే దింపుతా అన్నాను. మా ఇంటి బిడ్డకు మేము లేమా అన్నాడు. ఆ మాట కోపంతో కూడా అనలేదు, నిజంగా నొచ్చుకుని అన్నాడు. అమ్మ దగ్గరికి పోయి కూర్చుంటే, వానికే లేని కోరిక నీకెందుకే అంది ఆమె కూడా. ఆ కాకులు చికెన్ షాపుల కాకులమ్మా, ఎవరు ఏది పడేసినా దిగుతాయి, నీ కొడుకు రాలేదు అని చెబితే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చేది. ఆమె ముందు అన్నం పళ్ళెం ఉండేది.

బడులు తెరిచాక పాప పెట్టె తెచ్చుకోవడానికి కడపకు దాని వెంట నేనే పోయాను. హాస్టల్ వార్డెన్ సంతకం పెట్టించుకుని, మంచి పిల్లమ్మా, ఈ సీటుకు వెనక శానామంది కాచుకోని ఉండారు అంది. పాప తన షూస్ పక్కమంచం పిల్లకు ఇచ్చేసింది. గ్లవ్ మాత్రం సంచిలో పెట్టుకుంది, అది తండ్రిది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. మైదుకూరు దాటేదాకా సంచి ఒళ్ళోంచి దించలేదు. ఇంక ఆగలేక, ఈ పొద్దు ఇంటికి పోతూనే అవ్వకు ఉన్నదున్నట్టు చెప్పేస్తానే అన్నాను. ఆ కాకి సంగతి, అంతా. అవ్వ మళ్ళీ అన్నం మానేస్తే మీ పెద్దనాయన దారికొస్తాడు, ఏమైతే అదైంది అన్నాను.

పాప నావైపు తిరిగింది.

"వద్దత్తా. ఆ కాకులు నాకు తెలుసు. నేనూ నాయనా ఆ గ్రౌండుకు ప్రాక్టీసుకు పోయినప్పుడు టిఫిను మూత తీస్తే చాలు, మీదికొచ్చేస్తుండె. నాయన బ్యాటు పట్టుకోని తోలుతుండె వాటిని."

"మరి ఆ పొద్దు ఎందుకు చెప్పకపోతివే? నువ్వు చెప్పింటే మీ పెద్దనాయన..."

"అవ్వ తింటాండె గదా," అంది.